రెండు కాలాల రాళ్లు: న్యూయార్క్ రాష్ట్రపు వాటర్లూ

న్యూయార్క్ రాష్ట్రపు పడమటి భాగంలో, ఉత్తర దక్షిణాలుగా సన్నగా పొడవుగా సాగిన సరస్సుల వరుసకు చేతివేళ్ల పోలికతో ఫింగర్ లేక్స్ అని పేరు వచ్చింది. ఆ సరస్సులలో పెద్దవైన సెనెకా, కయూగాల మధ్య, ఆ రెండింటినీ కలిపే సెనెకా నది ఒడ్డున వాటర్లూ అనే ఊరుంది. జనాభా 5 వేలకు అటూ ఇటూగా ఉండే ఈ ఊరు, పడమట జెనీవా నగరానికీ తూర్పున సెనెకా ఫాల్స్ పట్టణానికీ నడుమ, 5, 20 సంఖ్యలు గల రహదారులు ఒకటిగా కలిసి సాగే బాట మీద విస్తరించి ఉంది. న్యూయార్క్ చట్టంలో ‘విలేజ్’ అంటే పొలాల నడుమ ఉండే పల్లె అని మాత్రమే అర్థం కాదు. సొంత పాలకమండలి, సొంత పన్నులు, సొంత సరిహద్దులు గల స్థానిక సంస్థకు అది పేరు. వాటర్లూకు ఆ హోదా 1824లో లభించింది. 1815లో నేటి బెల్జియం దేశంలో నెపోలియన్ ఓడిపోయిన యుద్ధభూమి పేరునే ఈ ఊరు ధరించింది.

రహదారి వెంట వచ్చే యాత్రికుడి దృష్టిని ఇక్కడ మొదట ఆకర్షించేవి, ఇనుప స్తంభాలపై నిలిచిన నీలిరంగు ఫలకాలు. నీలి నేపథ్యం మీద పసుపుపచ్చని ఉబ్బెత్తు అక్షరాలతో నాలుగైదు పంక్తుల్లో ఒక ఇంటి గురించో, ఒక కాలిబాట గురించో, ఒకప్పుడు అక్కడుండి నశించిన నివాసం గురించో చెప్పే ఈ పోతపోసిన లోహఫలకాలను అమెరికన్లు ‘హిస్టారికల్ మార్కర్లు’ అంటారు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు నూట యాభై ఏళ్లు నిండిన సందర్భంగా 1926లో న్యూయార్క్ రాష్ట్రం వీటిని నాటే కార్యక్రమాన్ని విద్యాశాఖ ఆధ్వర్యంలో ఆరంభించింది. అంతకు ఏడేళ్ల ముందే, 1919లో, ప్రతి స్థానిక సంస్థా తనకొక చరిత్రకారుణ్ని నియమించుకోవాలని రాష్ట్రం చట్టం చేసింది. ఊరి చరిత్రను కాపాడటం నీటి సరఫరా, వీధి దీపాల వలెనే స్థానిక పాలన బాధ్యతగా గుర్తింపు పొందడం ఈ ప్రాంతపు ప్రత్యేకత.

ఈ ఫలకాల అడుగున, చిన్న అక్షరాలలో, నాటించిన సంస్థ పేరు, నాటిన సంవత్సరం ఉంటాయి. చాలామంది చూపు అక్కడిదాకా పోదు. అయినా ఫలకాన్ని చదవడానికి సరైన ఆరంభం ఆ చివరి పంక్తే. ఎందుకంటే ప్రతి స్మారకమూ ఒకేసారి రెండు కాలాలను గురించి చెబుతుంది. మొదటిది అది పేర్కొన్న సంఘటన జరిగిన కాలం; రెండవది ఆ సంఘటనను ఆ మాటలలోనే గుర్తుంచుకోవాలని ఒక తరం నిర్ణయించుకున్న కాలం. ఆ రెండింటి మధ్య దూరాన్ని గమనించినవారికి వాటర్లూ వంటి చిన్న ఊరు కూడా ఒక దేశం తన గతంతో జరిపిన సంభాషణగా కనిపిస్తుంది.

ఈ దూరం అన్నిటికంటె స్పష్టంగా తెలిసేది ఊరి ఉనికికే ముందున్న ఒక నివాసం విషయంలో. నేటి వాటర్లూ ఉన్నచోటనే, నది ఒడ్డున, స్కొయేస్ అనే కయూగా జాతి గ్రామం ఉండేది. మోహాక్, ఒనైడా, అనండాగా, కయూగా, సెనెకా, టస్కరోరా అనే ఆరు జాతుల సమాఖ్యను ఆ ప్రజలు హోడెనోషోనీ అని చెప్పుకుంటారు. ఫ్రెంచివారు పెట్టిన ఇరొక్వా అన్న పేరు పుస్తకాలలో ఎక్కువగా కనిపిస్తుంది. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పంటలతో, పండ్ల తోటలతో స్థిరపడిన వ్యవసాయ సమాజం అది. బ్రిటన్‌పై అమెరికా వలసలు జరిపిన స్వాతంత్ర్య యుద్ధంలో ఒనైడా, టస్కరోరా జాతులలో అధికులు అమెరికన్ల వైపు నిలిస్తే, తక్కిన జాతులలో అధికులు బ్రిటిష్ వారి పక్షం వహించారు. సరిహద్దు పల్లెలపై జరిగిన దాడులకు ప్రతీకారంగానూ, బ్రిటిష్ సేనలకు అందే ఆహారాన్ని అరికట్టడానికీ, 1779లో జార్జి వాషింగ్టన్ జనరల్ జాన్ సల్లివన్‌ను, జనరల్ జేమ్స్ క్లింటన్‌ను ఈ ప్రాంతంపైకి పంపాడు.

ఆ ఏడాది ఆగస్టు 29న నేటి ఎల్మైరా నగరానికి సమీపంలోని న్యూటౌన్ వద్ద జరిగిన పోరే ఈ దండయాత్రలో చెప్పుకోదగిన యుద్ధం. తరువాత జరిగినదంతా ఊళ్లను తగలబెట్టడం, చేలను కోసి పారవేయడం, పండ్లచెట్లను నరకడం. సెప్టెంబరులో సెనెకా సరస్సు ఉత్తరపు కొసకు చేరిన సేన కనడసేగా అనే ముఖ్య గ్రామాన్ని నాశనం చేయగా, దాని తూర్పున ఉన్న స్కొయేస్ కూడా అదే నెలలో కాలిపోయింది. నలభై గ్రామాలను, ఒక లక్షా 60 వేల బుషెళ్ల మొక్కజొన్నను నాశనం చేసినట్లు సల్లివన్ తన నివేదికలో చెప్పుకున్నాడు. బుషెల్ అనేది ధాన్యపు కొలత; మొక్కజొన్న విషయంలో అది సుమారు 25 కిలోలకు సమానం గనుక, ఆ లెక్క నాలుగు వేల టన్నుల ఆహారమవుతుంది. ఇల్లూ వాకిలీ, గింజా పోగొట్టుకున్న వేలాది ప్రజలు బ్రిటిష్ వారి నయాగరా కోటను ఆశ్రయించగా, దరిమిలా వచ్చిన కఠినమైన చలికాలంలో ఆకలితో, వ్యాధులతో అనేకులు మరణించారు. అప్పటికే హోడెనోషోనీలు వాషింగ్టన్‌ను ‘ఊళ్లను నాశనం చేసేవాడు’ అనే అర్థమిచ్చే పేరుతో పిలిచేవారు. ఆ పేరు వింటే తమ స్త్రీలు ఈనాటికీ పాలిపోతారని, పిల్లలు తల్లుల మెడలను కరచుకుంటారని సెనెకా నాయకుడు కార్న్‌ప్లాంటర్ 1790లో స్వయంగా ఆయనకే విన్నవించాడు.

ఇంతటి ఘటనను రాళ్లమీదికి ఎక్కించిన సంవత్సరం 1929. దండయాత్రకు నూట యాభై ఏళ్లు నిండిన ఆ ఏట, సేనలు నడిచిన దారిపొడవునా న్యూయార్క్ రాష్ట్రం రాతి స్మారకాలను నిలిపి, వాటికి దండయాత్ర మార్గాన్ని సూచించే పటంతో కూడిన కంచు పలకలను అమర్చింది. వాటి వాక్యాలలో సేనాపతుల పేర్లు, శత్రువుల దాడులను అణచిన ప్రయోజనం, పడమటి భూములు వలసలకు తెరుచుకున్న ఫలితం ఉన్నాయి. కాలిన ఇళ్లలో నివసించినవారి పక్షం లేదు. ఆ రాళ్లను నిలిపిన తరం మొదటి ప్రపంచయుద్ధం గెలిచిన తరం, తన పూర్వికుల సైనిక విజయాలలో దేశపు పుట్టుకను చూసుకున్న తరం. అందువల్ల 1779లో ఏమి జరిగిందో తెలుసుకోవడానికి ఎంతగానో, 1929 నాటి న్యూయార్క్ తనను తాను ఎలా భావించుకుందో తెలుసుకోవడానికి కూడా ఈ కంచు పలకలు అంతగానూ సాక్ష్యమవుతాయి. కయూగాలు యుద్ధంలో ఊళ్లను కోల్పోయింది చాలక, 1795లోనూ 1807లోనూ న్యూయార్క్ రాష్ట్రంతో జరిగిన ఒప్పందాల ద్వారా తమకు మిగిలిన భూములను సైతం కోల్పోయారు. అయితే ఆ జాతి అంతరించలేదు. వాటర్లూ ఉన్న సెనెకా కౌంటీలోనే, అంటే మన జిల్లాను పోలిన ఆ పాలనా విభాగంలోనే, కయూగా ప్రజలు నేటికీ తమ జాతి వ్యవహారాలు నడుపుకుంటున్నారు.

నీలి ఫలకాలకు రాష్ట్రప్రభుత్వ ధనం కాలక్రమాన ఆగిపోయినా, అవి నాటే ఆచారం ఆగలేదు. సిరక్యూస్ నగరంలోని విలియం జి. పోమరాయ్ ఫౌండేషన్ 2006 నుంచి ఈ పనికి విరాళాలు ఇస్తోంది. అది విధించిన ముఖ్య నియమమేమంటే, ఫలకంపై రాయదలచిన ప్రతి విషయానికీ ఆ కాలపు దస్తావేజు, దినచర్య, పత్రిక, జనగణన వంటి ప్రాథమిక ఆధారం చూపాలి. ఊళ్లో పెద్దలు చెప్పుకునే మాటకూ, కాగితం నిలబెట్టే మాటకూ మధ్య ఉన్న ఈ గీత, వాటర్లూ తనకు అన్నిటికంటె ప్రియమైన కథను తిరిగి పరీక్షించుకోవలసి వచ్చినప్పుడు ఎంత ముఖ్యమో ముందు ముందు తెలుస్తుంది.

యుద్ధాల ఊసే లేని రెండు ఇళ్లు కూడా ఈ ఊరి స్మృతిలో పెద్ద స్థానమే ఆక్రమించాయి. 1848 జూలై 9న జేన్ హంట్ అనే గృహిణి ఇంట్లో తేనీటి వేళ ఎలిజబెత్ కేడీ స్టాంటన్, లుక్రీషియా మాట్, మార్తా కాఫిన్ రైట్, మేరీ ఆన్ మెక్‌క్లింటాక్ కలుసుకుని, స్త్రీల హక్కుల కోసం ఒక బహిరంగ సమావేశం జరపాలని నిశ్చయించుకున్నారు. ఆ సమావేశానికి సమర్పించవలసిన ప్రకటనను మెక్‌క్లింటాక్‌ల ఇంట్లో రచించారు. జూలై 19, 20 తేదీలలో సెనెకా ఫాల్స్‌లోని వెస్లియన్ చాపెల్‌లో జరిగిన ఆ సమావేశంలో 68 మంది స్త్రీలు, 32 మంది పురుషులు దానిపై సంతకాలు చేశారు. హంట్‌లు, మెక్‌క్లింటాక్‌లు ఇరువురూ క్వేకర్లు. ఆయుధం పట్టడాన్ని మతవిరుద్ధంగా భావించే క్రైస్తవ శాఖకు చెందినవారు. ఈ రెండు ఇళ్లనూ నేడు జాతీయ పార్కుల సంస్థ కాపాడుతోంది. యుద్ధమృతుల స్మరణకు ప్రసిద్ధికెక్కిన ఊళ్లోనే, యుద్ధాన్ని నిరాకరించిన కుటుంబాల ఇళ్లు జాతీయ స్మారకాలు కావడం ఈ ఊరి చరిత్రలో లోతుగా ఆలోచించదగిన విషయం.

వాటర్లూ పేరు దేశమంతటా తెలియడానికి కారణం మాత్రం 1861 నుంచి 1865 దాకా సాగిన అంతర్యుద్ధం. బానిసత్వాన్ని నిలుపుకోవడం కోసం విడిపోదలచిన దక్షిణాది రాష్ట్రాలకూ, సమాఖ్యను నిలబెట్టదలచిన ఉత్తరాదికీ జరిగిన ఆ యుద్ధంలో సుమారు ఆరు లక్షల 20 వేల మంది సైనికులు మరణించారని చాలాకాలంగా అంచనా. ఇటీవలి లెక్కలు ఆ సంఖ్యను ఏడున్నర లక్షల దాకా తీసుకుపోతున్నాయి. చాలామంది శవాలు ఇంటికి చేరలేదు, అనేకుల సమాధుల మీద పేరే లేదు. ఒకే ఊరివారు ఒకే దళంలో చేరే ఆనాటి పద్ధతివల్ల, ఒక్క యుద్ధంతోనే ఒక పల్లె తన యువకులలో పలువురిని పోగొట్టుకునేది. మన పల్లెల పొలిమేరలలో వీరగల్లులు నిలిచినట్టే అమెరికన్ పల్లెల కూడళ్లలో సైనిక స్మారకాలు లేవడానికి ఈ దుఃఖమే మూలం.

ఊరివారు చెప్పుకునే కథ ప్రకారం, 1865 వేసవిలో హెన్రీ సి. వెల్స్ అనే మందుల దుకాణదారు, బతికి తిరిగి వచ్చినవారిని సన్మానించే వేళ చనిపోయినవారి సమాధులను పూలతో అలంకరించడం కూడా తగునని మిత్రుల ఎదుట ప్రస్తావించాడు. మరుసటి వసంతంలో అంతర్యుద్ధ సేనాని, అప్పటి కౌంటీ క్లర్కు అయిన జనరల్ జాన్ బి. ముర్రే ఆ ఆలోచనను చేపట్టాడు. 1866 మే 5న జెండాలను సగానికి దించి, సతతహరిత వృక్షాల కొమ్మలతోనూ నల్లగుడ్డలతోనూ ఊరిని అలంకరించి, మాజీ సైనికులూ పౌరసంఘాలవారూ ఊరేగింపుగా మూడు శ్మశానాలకూ నడిచి, ప్రార్థనలు జరిపి సమాధులపై పూలుంచారు. మరుసటి ఏడు కూడా అదే తేదీన ఆ కర్మ జరిగింది. 1868 మే 5న ఉత్తరాది మాజీ సైనికుల సంఘమైన గ్రాండ్ ఆర్మీ ఆఫ్ ద రిపబ్లిక్ అధినేత జనరల్ జాన్ ఎ. లోగన్ మే 30న దేశమంతటా సమాధులను అలంకరించాలని ఆదేశించాడు. ఆ దినానికి మొదట డెకరేషన్ డే అనీ, తరువాత మెమోరియల్ డే అనీ పేరు నిలిచింది. మే 30 మారి మే నెల చివరి సోమవారం సెలవు దినం కావడం 1968 నాటి చట్టం 1971లో అమలులోకి రావడంతో జరిగింది.

1966 మే 26న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ అంతకుముందు అమెరికా కాంగ్రెస్ ఆమోదించిన తీర్మానాన్ని అనుసరించి, వాటర్లూను మెమోరియల్ డే జన్మస్థలంగా గుర్తిస్తూ ప్రకటన వెలువరించాడు. ఊరి ప్రధానవీధిలోని ఒక పాత ఇటుక భవనం నేడు ఆ చరిత్రకు అంకితమైన జాతీయ మెమోరియల్ డే మ్యూజియంగా ఉంది. అయితే ఇదే గౌరవాన్ని కోరుకునే ఊళ్లు వేరే అనేకం ఉన్నాయి. పెన్సిల్వేనియాలోని బోల్స్‌బర్గ్ 1864 నాటి స్త్రీల ఆచారాన్ని చూపుతుంది. మిసిసిపీలోని కొలంబస్‌లో 1866 ఏప్రిల్ 25న స్త్రీలు ఉభయపక్షాల సైనికుల సమాధులనూ అలంకరించారు. జార్జియాలోని కొలంబస్ స్త్రీల సంఘం ఆ ఏడాదే దక్షిణాదికంతటికీ ఒక స్మరణదినాన్ని సూచించింది. దక్షిణ కరోలినాలోని చార్లెస్టన్‌లో, బానిసత్వం నుంచి అప్పుడే విముక్తులైన నల్లజాతివారు, గుర్రపు పందాల మైదానంలో ఖైదీలుగా చనిపోయిన ఉత్తరాది సైనికులకు గౌరవప్రదమైన సమాధులు కట్టి, 1865 మే 1న వేలాదిగా ఊరేగారు. దశాబ్దాల పాటు మరుగునపడిన ఆ ఘట్టాన్ని చరిత్రకారుడు డేవిడ్ బ్లైట్ వెలికితీశాడు. వాటర్లూలో 1866 నాటి ఊరేగింపుకు ఆ కాలపు పత్రికల ఆధారం చాలదని, లోగన్ ఆదేశానికి దక్షిణాది స్త్రీల ఆచారమే ప్రేరణ అని వాదించే పరిశోధకులు కూడా ఉన్నారు.

ఈ వివాదం ఊరి గౌరవాన్ని తగ్గించదు. మృతులకు పూలు పెట్టడం అనే పని ఎవరి ఆదేశమూ లేకుండా, ఉత్తరాన, దక్షిణాన, నల్లవారిలో, తెల్లవారిలో, దాదాపు ఏకకాలంలో మొలకెత్తిందనేది ఇందువల్ల తేలే పెద్ద సత్యం. అధ్యక్షుడి ప్రకటన ఒక ఊరికి మొదటి స్థానమిచ్చింది. చరిత్ర మాత్రం ఎందరో అనామకులకు ఆ స్థానాన్ని పంచుతోంది. వాటర్లూ తన కథను నిలుపుకుంటూనే చార్లెస్టన్ కథను పక్కన పెట్టుకుని చదివితే, రెండింటి విలువా పెరుగుతుంది.

ఊళ్లో ఇటీవలి కాలంలో నెలకొన్న అమెరికన్ సివిల్ వార్ మెమోరియల్‌లో, అంతర్యుద్ధంలో మరణించిన ఊరి సైనికుల పేర తెల్లని పాలరాతి సెనోటాఫ్‌లు వరుసలు తీరి ఉంటాయి. సెనోటాఫ్ అంటే లోపల దేహం లేని స్మారక సమాధి. సైనికుడు ఎక్కడో దూరాన, తరచు పేరులేని గుంటలో పడివున్నాడు గనుక, అతని పేరుకైనా సొంత ఊళ్లో ఒక చోటు ఇవ్వడమే వాటి ఉద్దేశం. యుద్ధం ముగిసిన శతాబ్దంన్నర తరువాత కూడా ఆ బాధ్యతను ఒక ఊరు తలకెత్తుకోవడం, స్మరణకు కాలదోషం పట్టదనడానికి మంచి నిదర్శనం.

ఊరికి పడమట, జెనీవా దారిలో ఒక పొలం ఇంటి ముందు నిలిచిన ‘సైత్ ట్రీ’ మాత్రం ఎవరూ చెక్కించని స్మారకం. సైత్ అంటే నిలబడి రెండు చేతులతో ఊపుతూ గడ్డి కోసే, పొడవాటి పిడి గల పెద్ద కొడవలి. 1861లో జేమ్స్ వైమన్ జాన్సన్ అనే రైతు యువకుడు సైన్యంలో చేరడానికి వెళుతూ, తాను తిరిగి వచ్చేదాకా అక్కడే ఉంచమని చెప్పి, తన కొడవలిని ఒక లేత చెట్టు కొమ్మల సందున తగిలించాడు. అతడు 1864లో ఉత్తర కరోలినాలో గాయపడి మరణించాడు. కొడుకు రాకకై ఎదురుచూసిన తల్లిదండ్రులు కొడవలిని తీయలేదు. చెట్టు లావెక్కేకొద్దీ ఇనుప పలకను తన కాండంలోకి పొదువుకుంది. 1918లో అదే పొలంలో ఉంటున్న రేమండ్, లిన్ షాఫర్ అనే అన్నదమ్ములు మొదటి ప్రపంచయుద్ధానికి వెళుతూ తమ కొడవళ్లను కూడా అక్కడే తగిలించారు. వారిద్దరూ క్షేమంగా తిరిగివచ్చారు. తిరిగిరానివాడి పనిముట్టూ తిరిగివచ్చినవారి పనిముట్లూ ఒకే మానులో ఇమిడిపోయిన ఆ చెట్టు, యుద్ధం రైతుకుటుంబానికి చేసేది ఏమిటో ఏ శాసనం కంటెనూ వివరంగా తెలియజేస్తుంది.

వాటర్లూను దాటి చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లే యాత్రికుడికి స్మారకాలలో ఒక క్రమం గోచరిస్తుంది. అంతర్యుద్ధ స్మారకం సాధారణంగా తుపాకీని నేలకానించి నిలిచిన ఒంటరి సైనికుడి విగ్రహం. కనెక్టికట్‌లోని బ్రిడ్జ్‌పోర్ట్‌కు చెందిన మాన్యుమెంటల్ బ్రాంజ్ కంపెనీ వంటివి జింకు లోహంతో పోసిన ఇలాంటి విగ్రహాలను జాబితాల ద్వారా ఉత్తరాదికీ దక్షిణాదికీ అమ్మాయి. మొదటి ప్రపంచయుద్ధం తరువాత ఇ. ఎం. విక్వెస్నీ రూపొందించిన, చేతిబాంబు ఎత్తి ముందుకు నడిచే సైనికుడి విగ్రహం వందకు పైగా ఊళ్లకు చేరింది. రెండవ ప్రపంచయుద్ధం నాటికి విగ్రహాలకంటె, సేవచేసినవారందరి పేర్లనూ వరుసగా రాసి, మరణించినవారి పేర్ల పక్కన నక్షత్రం గుర్తు పెట్టే ‘హానర్ రోల్’ ఎక్కువైంది; స్మారక భవనాలు, ఆటస్థలాలు, ఆసుపత్రులు కట్టడం కూడా ఆ కాలంలోనే వ్యాపించింది. రహదారుల పక్కన కనిపించే ‘బ్లూ స్టార్ మెమోరియల్’ ఫలకాలను తోటల సంఘాల స్త్రీలు 1945 నుంచి నాటుతూ వచ్చారు. వియత్నాం యుద్ధకాలంలో పుట్టిన నల్లజెండా, ఖైదీలుగా చిక్కిన, ఆచూకీ తెలియని సైనికులను ఈనాటికీ గుర్తుచేస్తోంది. సేనాపతి నుంచి సామాన్య సైనికుడికి, విగ్రహం నుంచి పేరుకు, గెలుపు నుంచి లేనివారికి స్మారకాల దృష్టి క్రమంగా మళ్లిందని ఈ వరుస తెలుపుతుంది.

ఆ మార్పు ఇంకా పూర్తి కాలేదు. సైనికుడి పేరు రాతికెక్కడానికి పట్టిన కాలం కంటె, అతని సేన కాల్చిన ఊరివారి పేరు రాతికెక్కడానికి పడుతున్న కాలం చాలా ఎక్కువ. 1929 నాటి కంచు పలకలను పెకలించి పారవేస్తే ఆ తరం ఏమనుకుందో చెప్పే సాక్ష్యం పోతుంది. వాటిని ఒంటరిగా వదిలేస్తే సగం చరిత్రే సంపూర్ణ చరిత్రగా చెలామణీ అవుతుంది. పాత ఫలకం పక్కనే కయూగాల మాటలలో, ఆధారాలతో, నేటి సంవత్సరం వేసి కొత్త ఫలకం నిలపడమే చరిత్రకు న్యాయం చేసే మార్గం. మరణించినవారి పేర్లు మరచిపోరాదన్న నియమాన్ని వాటర్లూ తన పౌరధర్మంగా స్వీకరించింది; ఆ నియమం సైనికులకు ఎంత వర్తిస్తుందో, నదీతీరంలో ఇళ్లు కోల్పోయినవారికీ అంతే వర్తిస్తుంది. ఆ విస్తరణకు కావలసిన చట్టం, చరిత్రకారుడు, నీలిఫలకం, ఆధారాన్ని అడిగే పద్ధతి అన్నీ ఈ ఊళ్లో ఇప్పటికే ఉన్నాయి. ఇక కావలసింది ఆ పని చేయాలనే నిర్ణయమే.